ఇంటిపేరు దాచి పంపిన కథకి జవాబు

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నువ్వెవరో నాకు తెలీదు. కథ కింద పేరుంది, ఇంటిపేరు లేదు. మధ్యాహ్నం నువ్వే ఫోన్ చేసి, కాస్త నసిగి, "మా నాన్నగారు ఫలానా" అన్నావు. అని వెంటనే "అందుకని మీరు మొహమాటపడొద్దు మేడమ్" అన్నావు. నాకు నవ్వొచ్చింది. నలభై ఏళ్ళ కిందట ఒక సంపాదకుడికి నేను రాసిన ఉత్తరంలో అచ్చంగా ఆ మాటే ఉంది. మేడమ్ అనకు గానీ, పిన్నీ అను.

మనలాంటి రచయితల పిల్లల కోసం జనం దగ్గర రెండు సామెతలు సిద్ధంగా ఉంటాయి. కథ బాగుంటే "పులి కడుపున పులే పుడుతుంది". బాగోకపోతే "పండిత పుత్రుడు పరమ శుంఠ". ఈ రెండూ ఒకే మనిషి నోట, ఒకే సాయంత్రం విన్నదాన్ని నేను. మొదటిది మైకులో, రెండోది మెట్ల దగ్గర కాఫీ తాగుతూ. ఆయన నా కథ చదవలేదని తర్వాత తెలిసింది.

ఇంటిపేరు దాచడం వల్ల ఒరిగేదేమిటో చెప్తాను విను. ఇరవై మూడేళ్ళప్పుడు నేనూ మారుపేరుతో ఒక వారపత్రికకి కథ పంపాను. పేరు మార్చాను, చేతిరాత కూడా మార్చి గుండ్రంగా రాశాను. తిప్పి పంపడానికి స్టాంపులు అంటించిన కవరు జతచేసి, దాని మీద మా ఇంటి చిరునామా శుభ్రంగా రాశాను! వారం తిరక్కుండా నాన్నకి కార్డు వచ్చింది. మీ ఇంట్లో ఎవరో కథలు రాస్తున్నట్టున్నారు, సంతోషం అని. కథ మాత్రం తిరిగొచ్చేసింది. నాన్న ఆ కార్డు భోజనాల దగ్గర పైకి చదివాడు. నేను మజ్జిగన్నం వదిలేసి లేచిపోయాను. కాబట్టి పేరు పెట్టుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. నాలుగో కథకల్లా అందరికీ తెలిసిపోతుంది. దీని గురించి అంత టెన్షన్ పడకు.

నాన్న నీడలోంచి బయటపడేదెలా అని అడిగావు. ఈ నీడ అనే మాట నాకు నచ్చదు. నీడైతే నాలుగడుగులు పక్కకి జరిగితే పోతుంది. మన చిక్కు వేరు. మన పెరట్లో కాసినవన్నీ మనకంటే ముందే ఎవరో కోసి, వండి, ఊరందరికీ వడ్డించేశారు. వంట బాగా కుదిరింది కూడాను. అదీ బాధ.

నన్ను ఇంట్లో బుజ్జి అనేవారు. నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు నాన్న సీరియల్ ఒకటి నడుస్తోంది. ఆయన రాసుకుంటున్నంతసేపూ ఇంట్లో అందరం గుసగుసలే. పెరట్లో బావి గిలక కీచుమంటుందని రోజూ పొద్దున్నే దానికి ఆముదం పోసే పని నాది. ఆ సీరియల్లో కథానాయిక కూతురి పేరు బుజ్జి. ఆ పిల్లకి నాలాగే ముందు పన్ను సగం విరిగి ఉంటుంది. నాలాగే అయ్యకోనేరు గట్టు మీద కూచుని, వేయించిన శనగలు తింటూ, పెంకుముక్కలు నీళ్ళలోకి విసురుతుంది. వారవారం పత్రిక రాగానే నా గురించి నేను చదువుకుని, ఆ పేజీ విప్పి పట్టుకుని వీధంతా తిరిగేదాన్ని. ఒక వారం బుజ్జికి జ్వరం వచ్చింది. పైవారానికీ తగ్గలేదు. పోస్టుకార్డులు మొదలయ్యాయి, పిల్లని చంపకండి మాస్టారూ అంటూ. ఎదురింటి మామ్మగారు నన్ను పైడితల్లి గుడికి తీసుకెళ్ళి చేతికి దారం కట్టించింది. "ఎందుకైనా మంచిది" అంది. ఆ తర్వాతి సంచికలో బుజ్జి చచ్చిపోయింది. బళ్ళో మా పక్క బెంచీ పిల్ల ఉన్నానో లేదోనని నా చెయ్యి గిల్లి చూసింది. నవ్వులాటకే. నాకు మాత్రం ఆ రాత్రి నిజంగానే ఒళ్ళు కాలింది.

ఎందుకు చంపావని నాన్నని అడిగాను. "ఆ పిల్ల బతికుంటే కథ కదలదమ్మా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేనూ రాసేదాన్నే కాబట్టి, ఆయన అన్నది నిజమని ఇప్పుడు తెలుసు. ఆ చావు తర్వాతే ఆ సీరియల్ లేచి నిలబడింది. కానీ శనగలు నావి, విరిగిన పన్ను నాది, గట్టు నాది. తర్వాత ఇరవయ్యేళ్ళు వాటి జోలికి పోలేకపోయాను. రాయబోతే నాన్న వాక్యాలే వచ్చేవి.

ఇంగ్లండులో మిల్న్ అనే ఆయన తన కొడుకు క్రిస్టఫర్ రాబిన్‌ని అదే పేరుతో విన్నీ ద పూ అనే ఎలుగుబంటి కథల్లోకి దింపేశాడు. బళ్ళో తోటిపిల్లలు తండ్రి అతని మీద రాసిన పద్యాలతో అతన్ని ఏడిపించేవారట. పెద్దయ్యాక పుస్తకాల కొట్టు పెట్టుకున్నాడు. తన చిన్నతనం గురించి తను పుస్తకం రాసింది 1974లో, తండ్రి పోయిన 18 ఏళ్ళకి. అతనంటే నాకు జాలి. కాస్త అసూయ కూడా. అతన్ని కథలో చంపలేదు కదా.

ఇక అమ్మ సంగతి. మా ఇంటికి వచ్చే అభిమానులు నాన్న కలం ఏ కంపెనీదో అడిగేవారు, ఏ కుర్చీలో కూచుంటారో అడిగేవారు, "ఎంత అదృష్టవంతురాలివమ్మా" అని నా తల నిమిరేవారు. అమ్మ కాఫీ గ్లాసులు పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. నాన్న చేతిరాత ప్రెస్సు వాళ్ళకి అంతుపట్టేది కాదు. రాత్రి అంట్లు తోముకుని, పొయ్యి అలికి, అమ్మ వంటింటి గుమ్మానికి వీపు ఆనించి కూచునేది. ఒళ్ళో పీట పెట్టుకుని, కార్బన్ పేపరు సర్దుకుని ఫెయిర్ కాపీ రాసేది. పై కాగితం మద్రాసుకి, కింది కాగితం ట్రంకుపెట్టెలోకి. ఆవిడ బొటనవేలికి ఎప్పుడూ నీలం మరక ఉండేది. కుంకుడు రసంతో రుద్దినా వదిలేది కాదు.

నాన్న పోయాక ఆ పెట్టె నా వాటాకి వచ్చింది. (చెల్లికి గాజులొచ్చాయి. అప్పుడు నాకు కొంచెం కష్టమనిపించింది, అబద్ధం ఎందుకు.) ఒక వేసవిలో తీరిగ్గా నాన్న చిత్తుప్రతి ఒక పక్కా, అమ్మ నకలు ఒక పక్కా పెట్టుకుని చదవడం మొదలెట్టాను. ఒక నవలలో కోడలు ములక్కాడల పులుసు పెడుతుంది. నాన్న చిత్తులో ఆమె చింతపండు పులుసు పోసి, అది మరిగాక ములక్కాడ ముక్కలు వేసింది. అమ్మ నకల్లో ముక్కలు ముందు ఉడికాయి, తర్వాత పులుసు పడింది. పులుసు ముందు పోస్తే ముక్క ఉడకదని నాన్నకేం తెలుసు! అమ్మ ఆయనతో చర్చ పెట్టుకున్నట్టు ఎక్కడా గుర్తులేదు. వాక్యం తిరగేసి రాసేసింది, అంతే. ఆడవాళ్ళ వంటింటిని ఇంత లోతుగా ఎరిగిన మగ రచయిత మరొకరు లేరని ఆ నవల మీద వచ్చిన ఒక సమీక్ష మెచ్చుకుంది. నాన్న ఆ కాగితం కత్తిరించి దాచుకున్నాడు. అదే పెట్టెలో ఉంది.

అడుగుకి వెళ్ళేసరికి బుజ్జి సీరియల్ దొరికింది. అన్ని ప్రకరణాలూ అమ్మ రాతలో, నీలం కార్బన్లో ఉన్నాయి. బుజ్జి చచ్చిపోయే ప్రకరణం ఒక్కటీ నాన్న రాతలో ఉంది. ప్రెస్సు వాళ్ళకి అర్థం కావాలని అక్షరం అక్షరం విడదీసి, కష్టపడి, బడిపిల్లాడిలా రాశాడు. అంటే ఆ వారం అమ్మ రాయనంది. ఇంట్లో గొడవ జరిగినట్టు నాకు గుర్తే లేదు. అడుగుదామంటే అమ్మ లేదు. నేల మీద ఆ పెట్టె ముందు దీపాలు పెట్టే వేళ దాకా అలాగే కూచున్నాను. నేను రాసిన మంచి కథంటూ ఒకటుంటే అది ఆవేళ మొదలైంది. అందులో రచయిత పక్కగదిలో ఉంటాడు. దగ్గు మాత్రం వినిపిస్తుంది.

ఇప్పుడు నీ కథకి వస్తాను. హైదరాబాదులో ఇరవై రెండో అంతస్తు, లిఫ్టు, బాల్కనీలో నిలబడి నగరాన్ని చూస్తున్న అమ్మాయి. అక్కడ ఎన్నాళ్ళున్నావంటే, ట్రైనింగ్‌కి ఐదు నెలలు, అదీ హాస్టల్లో అన్నావు. తెలుస్తూనే ఉంది. ఆ ఫ్లాటులో ఎక్కడ అడుగేసినా కాలికి గచ్చు తగల్లేదు నాకు. అయితే మూడో పేజీలో ఆ అమ్మాయికి ఉన్నట్టుండి చిన్నప్పటి వరద గుర్తొస్తుంది. ఏడే వాక్యాలు. నాగావళి నీళ్ళు వీధిలోకి వచ్చేశాయి. పుస్తకాలు అటకెక్కించమని నాన్న అరుస్తున్నారు. నానమ్మ వినిపించుకోకుండా ముందు చోళ్ళపిండి డబ్బా, తర్వాత ఆవకాయ జాడీ ఎక్కించింది. పుస్తకాలు ఒక్కొక్కటే అందించింది అమ్మ. అంతే, మళ్ళీ బాల్కనీ! ఎందుకు ఆపేశావే తల్లీ అంటే, "ఆ వరద నాన్న నవల్లో ఉంది కదా, అందరికీ తెలుసు" అన్నావు.

నాకూ తెలుసు. మీ నాన్నగారు ఇరవై పేజీలు రాశారు. ఆ ఏటి ఒడ్డున పుట్టినవాడు తప్ప రాయలేడు అలాగ. అందులో కథానాయకుడు నడుంలోతు నీళ్ళలో పుస్తకాలు నెత్తిన పెట్టుకుని మోస్తాడు. జాడీ లేదు. చోళ్ళపిండి లేదు. నీళ్ళు తీసేదాకా ఇంట్లో అందరూ ఏం తిని బతికారో ఆ ఇరవై పేజీల్లో ఎక్కడా లేదు. నీకు తెలుసు కదా? గ్యాస్ బండ నీళ్ళలో తేలిందా? పొయ్యి ఎక్కడ పెట్టి వెలిగించారు? అంబలి ఎవరు కాచారు, ఎవరికి ముందు పోశారు? జాడీ మూతికి కట్టిన గుడ్డ ఏ చీర ముక్కో కూడా నీకు గుర్తుండే ఉంటుంది. మీ నాన్నగారు వరదని వీధి వైపు నుంచి చూశారు. నువ్వు అటక కింద నిలబడి చూశావు. ఆ వరదని ఆయన రాసెయ్యలేదు, సగమే రాశారు.

అలాగని ఆయన మీద కక్ష తీర్చుకోమని కాదు. నేను ఆ పనీ చేశాను. ఇరవై నాలుగో ఏట ఒక కథ రాశాను. అందులో ఒక రచయిత, పిల్ల అల్లరి చేస్తే ఇంకుబుడ్డి విసురుతాడు. నిజంగా విసిరాడు. సున్నం కొట్టించినా ఆ మరక గోడ మీద రెండేళ్ళు కనిపించింది. చివరి పేజీలో ఆ పిల్ల పెద్దదై తండ్రికి గడ్డి పెడుతుంది. చదివి బాధపడాలనే నాన్నకిచ్చాను. ఆయన రాత్రంతా దగ్గర పెట్టుకుని పొద్దున్న తిరిగిచ్చాడు. చివరి పేజీకి అడ్డంగా ఒక గీత. "కథ ఇంకుబుడ్డి పగిలిన చోటే అయిపోయింది. తర్వాతదంతా కోపం" అన్నాడు. ఇంకుబుడ్డి గురించి ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన గీత కొట్టినట్టే పంపాను. అచ్చయింది. ఇంట్లోనే అలాంటి కన్ను ఉండడం మాత్రం అందరికీ దొరికేది కాదు, అది ఒప్పుకోవాలి. నీకు ధైర్యం ఉంటే వాడుకో. అయితే కథ పూర్తయ్యాకే చూపించు. సగంలో చూపిస్తే మిగతా సగం ఆయన రాసేస్తారు, నోటితోనే.

ఇంకొకటి. మీ నానమ్మ "త్వరగా రండి" అనడమేమిటి? ఏరు ఇంట్లోకి వస్తుంటే శ్రీకాకుళంలో ఏ నానమ్మయినా అలా అంటుందా? "బేగి రండర్రా" అంటుంది. మా నాన్నా ఇంతే. మద్రాసు వాళ్ళకి అర్థం కాదేమోనని మన మాటలు బియ్యంలో రాళ్ళలా ఏరేసేవాడు. కాగితం కింద పెట్టి ఇంట్లోకి వచ్చాక మాత్రం "బేగి వడ్డించు" అనే అనేవాడు. అదీ గురజాడ ఇల్లున్న ఊళ్ళో! ఈ ఊళ్ళో కలం పట్టినవాళ్ళం అందరం ఒక రకంగా ఆయన పిల్లలమే, ఇంటిపేరు ఏదైనా. కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. అంత పేరొచ్చినా ఆయన దాన్ని వదల్లేదు. 1909లో మళ్ళీ దాదాపు కొత్తదిగా రాసి వేశాడు. నువ్వు కథ ఆదివారం రాసి సోమవారం నాకు పంపావు.

పెద్దవాళ్ళ పిల్లలు ఎవరు నిలబడ్డారని అడిగావు. మా ఊళ్ళోనే చూడు, కథకులు చాసో (చాగంటి సోమయాజులు) గారి అమ్మాయి చాగంటి తులసి గారు. కథలు రాశారు, అనువాదాలు చేశారు. ఏటా జనవరి 17న తండ్రి పుట్టినరోజుకి ఇక్కడే చాసో స్ఫూర్తి పురస్కారం ఇస్తారు. కొడవటిగంటి కుటుంబరావు గారి పిల్లల్లో రోహిణీప్రసాద్ గారు అణుశాస్త్రవేత్త, సైన్సు రాశారు, సితార్ వాయించారు. శాంతసుందరి గారు అనువాదాల వైపు వెళ్ళారు. అనితా దేశాయ్ మూడుసార్లు బుకర్ తుది జాబితా దాకా వెళ్ళి ఆగిపోతే, 2006లో అదే బహుమతి కూతురు కిరణ్‌కి వచ్చింది. ఆ తర్వాత తల్లీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో వినాలని నాకు మహా కుతూహలం. సరే, వీళ్ళ పేర్లు విని నీకు పెద్దగా ఒరిగేదేం లేదులే.

దాని బదులు ఒక పని చెయ్యి. తెలుగు కథల లైబ్రరీ, కథానిలయం, మీ ఊళ్ళోనే ఉంది. కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని ఆయన పట్టుదల. మా నాన్న మొదటి కథ మా పెట్టెలో లేదు. ఆయన దాని ఊసే ఎత్తేవాడు కాదు. నేను బస్సెక్కి వచ్చాను (రైలెక్కితే మీ స్టేషను పేరుకి శ్రీకాకుళం రోడ్డు, దించేది ఆముదాలవలసలో, అదో తిరకాసు). పాత సంచికల్లో వెతగ్గా వెతగ్గా దొరికింది. ఎంత పేలవంగా ఉందో! నాయిక మూడుసార్లు మూర్ఛపోతుంది. చంద్రుడు పేజీకోసారి వస్తాడు. ఆఖర్న ఉత్తరం రాసిపెట్టి ఎవరో చచ్చిపోతారు. అక్కడే పైకి నవ్వేశాను. పక్క బల్ల దగ్గర కూచున్నాయన తలెత్తి చూశాడు. ఆ తర్వాత ఎందుకో ఆ కథ రాసిన కుర్రాడి మీద ముద్దొచ్చింది. నాకు తెలిసిన నాన్న నేను పుట్టేసరికే పేరున్న మనిషి. ఈ కుర్రాణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు. నువ్వూ వెళ్ళి మీ నాన్నగారి మొదటి రెండు కథలు తీయించి చదువు. ఆయనకి చెప్పకు.

కాగితాలు జాగ్రత్త, అది వేరే చెప్పాలా. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కులు వారసులవి. అంటే ముసలిదానివయ్యే దాకా ఆయన పుస్తకాల మీద సంతకాలు పెట్టేది నువ్వే. నాకు ఏడాదికోసారి ఎవరో ఫోన్ చేసి సినిమా తీస్తామంటారు, మళ్ళీ కనబడరు. చెదలు మాత్రం అడక్కుండానే వస్తాయి.

కథని మూడో పేజీ దగ్గర మొదలుపెట్టు. ఫ్లాటు, లిఫ్టు, బాల్కనీ అన్నీ తీసెయ్. నీళ్ళు గుమ్మం దాటే చోట మొదలవ్వాలి, అంబలి దగ్గర ఆగాలి. రాశాక నెలరోజులు దాని మొహం చూడకు. పైడితల్లి సిరిమాను జాతర అయ్యాక మా ఇంటికి పట్టుకురా. ఆ రోజు మాత్రం రాకు. ఆ జనంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర నిన్ను వెతుక్కునే ఓపిక నాకు లేదు. జాడీ ఇంకా ఇంట్లో ఉంటే ఫొటో తీసి పంపు.

ఉత్తరం చివర "నాన్నగారికి నా నమస్కారాలు" అని రాయడం అలవాటు. ఈసారికి రాయను. మీ అమ్మగారికి చెప్పు. పుస్తకాలన్నీ అటక మీదికి అందించింది ఆవిడే కదా.

ఆశీస్సులతో,
పిన్ని